నూట ఎనిమిది కాళ్ళు ఎక్కువైన ప్రాసెసర్

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మా వైపు ఊళ్ళల్లో వస్తువు కాదు, ఇంటికొచ్చిన పెద్దమనిషి. చెప్పులు విప్పితే గానీ దాని గదిలోకి వెళ్ళకూడదు. దుమ్ము పడకుండా అంచుకు పూలు కుట్టిన గుడ్డ కప్పాలి. మనకు ఫ్యాను లేకపోయినా దానికి ఉండాలి. ఇన్ని మర్యాదలూ అందుకుని అది చేసే పనల్లా, మనం మీట నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేదాకా నల్లటి తెర మీద ఒక తెల్లగీతను మిణుకు మిణుకుమనిపిస్తూ కూర్చోవడం. ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. నమ్మకపోతే పోనీ గానీ, ఆ గీతను చూస్తూ నా ఇరవై రెండో ఏడు చాలావరకు గడిచిపోయిందన్న ఉక్రోషం మాత్రం నాకు ఇప్పటికీ తీరలేదు.

డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి, చర్లలో ఒక శిక్షణ కేంద్రంలో టీచరుగా చేరాను. కేంద్రం అంటే ఏదో భవనం అనుకునేరు. రైసుమిల్లు వెనక కిరాయికి తీసుకున్న ఒక గది, రెండు బెంచీలు, ఒక నల్లబల్ల, ఒక కంప్యూటర్, నేను. (యాజమాన్యం దృష్టిలో మా విలువ కూడా దాదాపు ఆ వరుసలోనే ఉండేది.) విద్యార్థులు పదకొండు మంది. అందులో ఏడుగురు ఆడపిల్లలు, లోపలి అడవి పల్లెల నుంచి, పోడు చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఏడాది చివర ఖమ్మం నుంచి పరీక్షాధికారి వచ్చి, ఉన్న ఆ ఒక్క కంప్యూటర్ మీదే ఒకరి తర్వాత ఒకరికి పరీక్ష పెట్టి వెళితే, తర్వాత సర్టిఫికెట్లు వస్తాయి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏదో ఒక ఆఫీసులో ఆపరేటరుగా కుర్చీ దొరుకుతుందని ఆ పిల్లల ఆశ, నాది కూడా.

పరీక్ష ఇంకో పది రోజులుందనగా ఒక ఉత్తరం వచ్చింది. ఈసారి పరీక్ష కొత్త సాఫ్ట్‌వేర్ మీద జరుగుతుందట. మా కంప్యూటర్‌లో అది నడిస్తే సరే, లేకపోతే విద్యార్థులను ఖమ్మం తీసుకొచ్చి రాయించాలట. ఖమ్మం అంటే మాకు పొద్దున బస్సెక్కితే పొద్దు వాలే వేళకు చేరే ఊరు. ఈ మాట తెలియగానే ఒక అమ్మాయి తండ్రి గది గుమ్మం దగ్గరికి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "చర్ల దాంక తోలుతున్నందుకే ఊర్లె తలా ఒక మాట అంటున్నరు మేడం. ఖమ్మం అంటే మాత్రం తోలం. రాపిస్తే ఈడ్నే రాపియ్యి, లేకుంటే బంద్" అన్నాడు. మిగతా ఆరుగురి ఇళ్ళల్లోనూ అదే మాట. అంటే ఈ కంప్యూటర్ నడవాలి, లేదా ఏడుగురు ఆడపిల్లల ఏడాది చదువు నీళ్ళపాలు కావాలి. నేను కాస్త గొంతు సవరించుకుని, "అయితదన్నా, ఈడ్నే రాపిస్త" అన్నాను. అవుతుందో లేదో నాకేం తెలుసు? ఆయన ముఖం చూస్తే ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

ఆయన అటు వెళ్ళగానే, ఉత్తరంతో పాటు వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూశాను. అది తెరుచుకునే లోపు పదకొండు మంది హాజరు రెండుసార్లు తీసుకోవచ్చు. తెరుచుకున్నాక అక్షరం నొక్కితే, ఆ అక్షరం తెర మీదికి రావాలా వద్దా అని ఇంట్లో వాళ్ళందరినీ అడిగి వస్తున్నట్టు వచ్చేది. ఇంత నత్తనడకకు కారణం ప్రాసెసర్ అని, దాన్ని మార్చేస్తే కంప్యూటర్ కొత్తదైపోతుందని నాకెందుకో గట్టిగా నమ్మకం కుదిరింది. (ఖమ్మంలో మా సారు ప్రాసెసర్‌ను 'కంప్యూటర్ మెదడు' అని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. మెదడు మారిస్తే మనిషి మారడా అని నా తర్కం.)

ఖమ్మంలో నాకు తెలిసిన కంప్యూటర్ దుకాణం ఒకటుంది. దుకాణందారును మేమంతా స్క్రూడ్రైవర్ భాయ్ అనేవాళ్ళం, ఎప్పుడు చూసినా చెవి మీద స్క్రూడ్రైవర్ ఉండేది కాబట్టి. వాళ్ళ తాత గడియారాలు బాగుచేసేవాడు, తండ్రి రేడియోలు, ఈయన కంప్యూటర్లు. ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "భాయ్, పాత కంప్యూటర్‌కు ప్రాసెసర్ మార్చొచ్చా?" అని అడిగాను. "బరాబర్ మార్చొచ్చమ్మా, ఎందుకు మార్చరాదు" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఫోన్ పెట్టేశాను. మాది ఏ కంప్యూటరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. శుభవార్త విన్నాక ఇంకా మాట్లాడితే ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని భయం ఒకటి ఉంటుంది కదా.

శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో మూటకట్టి, మరునాడు పొద్దున్నే మా ఊరు ఏన్కూరు వెళ్ళడానికి బస్సెక్కాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి మూటలు చూడటం మామూలే. నా మూట లోంచి తీగలు వేలాడుతున్నాయి. కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేసి, "ఏందమ్మా ఇది?" అన్నాడు. కంప్యూటర్ అన్నాను. "కంప్యూటరైతే టీవీ ఏది?" అన్నాడు. టీవీ గదిలో ఉంది, ఇది లోపలి పెట్టె అని చెప్పాను. "టీవీ లేకుంట కంప్యూటర్ ఉంటదా?" అని ఆయన, ఉంటుందని నేను, బస్సంతా నన్ను చూస్తుంటే చెమటలు కక్కుతూ నాలుగు మరలూ విప్పి లోపలంతా చూపించాను. చూసి ఆయన నెమ్మదించి, "స్లో అయిందా? మా క్యాంపుల గూడ ఒకటున్నది, గట్లనే సతాయిస్తది. ప్రాసెసర్ మారిస్తే అయితదంట గదా" అన్నాడు. చూశారా, ఆఖరికి పోలీసులు కూడా అదే మాట. నాకింక అనుమానం లేకుండా పోయింది.

ఏన్కూరులో మా బాబాయిది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బావి మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ నడిపించడం ఆయన వృత్తి. ఒకదాని భాగం తీసి ఇంకోదానికి బిగించడం ఆయన వ్యసనం. మూడు హార్స్‌పవర్ మోటారు ఆయన చేతిలో పడితే ఐదై లేచేది. మా చర్చిలో మైకు వినపడటం లేదని ఒకసారి ఆయన లోపల ఏదో మార్చాడు. ఆ తర్వాత పాస్టరు గారు గుసగుసగా ప్రార్థన చేస్తే చాలు, బస్టాండులో వాళ్ళు ఆమెన్ అనేవారు. అలాంటి మనిషి ముందు మూట విప్పి సంగతి చెబితే ఆయన కళ్ళల్లో వెలుగు చూడాలి.

"గింతేనా బిడ్డా? ఒక ఇంజిన్ దించి ఇంకో ఇంజిన్ ఎక్కిచ్చుడే గద" అన్నాడు.

"నీకు కంప్యూటర్లు తెలుసా బాబాయ్?"

"కరెంటు తోని నడిచేదే గద? మళ్ళ తెల్వకపోవుడేంది?"

ఆయన ఎలాగూ రాగితీగ కోసం ఆ సాయంత్రమే ఖమ్మం వెళ్ళాల్సి ఉంది. వెళ్ళి, మన స్క్రూడ్రైవర్ భాయ్ దగ్గరే సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ ఒకటి కాగితంలో చుట్టించుకుని వచ్చాడు. "మామూలుది గాదు, పెంటియం ఫోరు" అని దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటింటికీ చూపించాడు. నేను కూడా పక్కనే నిలబడి మురిసిపోయాను. అది మా కంప్యూటర్‌కు సరిపోతుందా అన్న ప్రశ్న ఆ వీధిలో ఏ ఒక్కరికీ రాలేదు. కోర్సు చేసిన నాకే రాలేదు, వాళ్ళననేదేముంది.

ఆదివారం ఆరాధన అయ్యాక శస్త్రచికిత్స. బాబాయి చేతులు కడుక్కుని, మంచం మీద పేపరు పరిచి, పాత ప్రాసెసర్‌ను బయటికి తీశాడు. దాని అడుగున సూదుల్లాంటి సన్నటి కాళ్ళు వందల కొద్దీ ఉన్నాయి. ఆ కాళ్ళు బోర్డు మీద ఉన్న గూటి రంధ్రాల్లో దిగాలి. కొత్తదాన్ని తిప్పి చూస్తే అది పాతదానికంటే చిన్నగా ఉంది, కాళ్ళు మాత్రం దానికంటే ఎక్కువున్నాయి, జెర్రిలాగా. గూట్లో పెడితే కూర్చోలేదు. అటు తిప్పి పెట్టాడు, ఇటు తిప్పి పెట్టాడు. "ఇది వేరే రకమేమో బాబాయ్" అన్నాను. "వేరే రకమేంది, ప్రాసెసర్ ప్రాసెసరే. నువ్వు పోయి కూర చూడు" అన్నాడు.

నేను వెళ్ళి కూర చూడటం నా జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. తిరిగి వచ్చేసరికి బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, సన్నటి కటింగ్ ప్లయరుతో కొత్త ప్రాసెసర్ కాళ్ళు ఒక్కొక్కటే కత్తిరిస్తున్నాడు. పేపరు మీద బంగారు రంగు ముక్కలు చిన్న కుప్ప. "ఏం చేస్తున్నవ్ బాబాయ్?" అని కేకపెట్టాను. ఆయన తల ఎత్తకుండానే, "ఎక్కువున్నయి తీసేస్తున్న. గట్ల ఒర్రకు, చెయ్యి కదుల్తది" అన్నాడు. నా ముఖం చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు: "మూడు కాళ్ళ ప్లగ్గు రెండు బొక్కల సాకెట్ల పోకుంటే ఏం జేస్తం? పైన లావు కాలు పీకేస్తం. మీ ఇంట్ల ఇస్త్రీపెట్టె నడుస్తలేదా?" నడుస్తోంది. నిజంగానే నడుస్తోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన మాట నాకు సబబుగా తోచింది.

ఆ క్షణంలోనే ఆయన దాన్ని గూట్లో పెట్టి బొటనవేలితో అదిమాడు. టప్‌మని ఒక చప్పుడు. మీట నొక్కితే ఫ్యాను కూడా తిరగలేదు. గాభరాగా దాన్ని పీకేసి పాతదాన్ని మళ్ళీ పెట్టబోతే, ఆ తొందరలో అది అడ్డదిడ్డంగా దిగి దాని కాళ్ళు రెండు వంగిపోయాయి. ఇప్పుడు కొత్తదీ లేదు, పాతదీ లేదు. పరీక్ష బుధవారం. నేను మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చేశాను. తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ తండ్రి ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. బాబాయి మాత్రం, "ఏడ్వకు బిడ్డా, అయితది" అన్నాడు. ఆ మాట ఇంకొకసారి వింటే ప్లయరు తీసుకుని ఎవరినేం చేద్దునో నాకే తెలియదు.

సోమవారం పొద్దున పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, జ్వరమొచ్చిన బిడ్డను దవాఖానాకు తీసుకుపోతున్నట్టు ఖమ్మం బస్సులో కూర్చున్నాను. వద్దంటున్నా బాబాయి వెంట వచ్చాడు. దుకాణంలో స్క్రూడ్రైవర్ భాయ్ కొత్త ప్రాసెసర్‌ను వెలుతురుకు ఎత్తిపట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏ దర్జీ కత్తిరించిండమ్మా దీన్ని?" అన్నాడు చివరికి. నేను బాబాయి వైపు చూశాను. బాబాయి గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

భాయ్ నిట్టూర్చి, "దీనికి నాలుగు వందల డెబ్బై ఎనిమిది కాళ్ళు. మీ గూటికి మూడు వందల డెబ్బై బొక్కలు. ఎట్ల కూసుంటది?" అన్నాడు.

బాబాయికి లెక్కలు బాగా వచ్చు. "అంటే నూట ఎనిమిదే గద ఎక్కువ. నేను ముప్పై దాంక తీసిన" అన్నాడు, పని సగంలో ఆగిపోయిందన్న బాధతో.

"మిగిలినయి నన్ను తియ్యమంటవా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఫోన్‌ల అడిగితే బరాబర్ మార్చొచ్చు అంటిరి గద భాయ్!" అన్నాను.

"మార్చొచ్చు అన్న. ఏ బోర్డుకు, ఏ ప్రాసెసర్ అని నువ్వు అడుగలే. చెప్పులు దొర్కుతయా అంటే దొర్కుతయనే అంట. కాలు చూసినంక గద సైజు చెప్పేది? పోనీ మీ బాబాయిని అడిగిన, బోర్డు ఏదన్నా అని. మంచి కంపెనీదే అన్నడు."

"మంచి కంపెనీదే గద మళ్ళ" అన్నాడు బాబాయి.

"తెల్వదు అనొచ్చు గద బాబాయ్! మీరు కాదు అనొచ్చు గద భాయ్! ఒక్కరన్నా కాదు అంటే నా కంప్యూటర్ బతికేది గద!" అని అరిచాను. వాళ్ళిద్దరూ, అంతసేపూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నవాళ్ళు, ఏకమై నన్ను వింతగా చూశారు. "గంత ఆశతోని అడిగినోళ్ళకు మొకం మీద కాదు అని ఎట్లంటరమ్మా?" అన్నాడు భాయ్. చర్లలో ఆ తండ్రికి నేను చెప్పిందేమిటి మరి? మా జిల్లాలో అందరికీ ఉన్న జబ్బే నాకూ ఉంది. కాకపోతే నాది కోర్సు చేసిన జబ్బు.

తర్వాత భాయ్ ఒక ఇంజక్షన్ సూది తెచ్చి, దాని బోలు కొసను వంగిన ఒక్కో కాలికి తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఊపిరి మేమూ బిగబట్టాం. రెండు కాళ్ళకు దగ్గర దగ్గర గంట పట్టింది. పాతది గూట్లో కూర్చుంది, ఫ్యాను తిరిగింది, తెల్లగీత మిణుకుమంది. దాన్ని చూసి అంత సంతోషిస్తానని ఎన్నడూ అనుకోలేదు. "ఈ బోర్డు మీద పెంటియం ఫోరు ఎక్కదు. ఎన్నటికీ ఎక్కదు. దీనికి బుర్ర సాలక కాదమ్మా, జాగ సాలక గిట్ల చేస్తున్నది" అని, మూలన పడి ఉన్న పాత పెట్టె లోంచి మెమరీ పట్టీ ఒకటి తీసి మా దాంట్లో గుచ్చాడు. ఆ వారంలో నేను విన్న మొదటి నికార్సైన 'కాదు' అది. ఆయనకు దండం పెట్టాలనిపించింది. ఆ పట్టీతో కంప్యూటర్ కొంచెం మెరుగైంది. కొంచెమే. అది చాలుతుందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు కదా.

బుధవారం పరీక్షాధికారి వచ్చాడు. సన్నగా, చేతిలో స్టాప్‌వాచ్‌తో ఉన్న మనిషి. కంప్యూటర్‌ను చూశాడు, నన్ను చూశాడు, "ఇదేనా?" అన్నాడు. "ఇదే సార్" అన్నాను. ఒక పేజీ ఇంగ్లీషు ఉత్తరం ఇచ్చి, ఒక్కొక్కరు పది నిమిషాల్లో టైపు చేయాలన్నాడు. మొదట కూర్చున్నది అందరికంటే లోపలి పల్లె నుంచి వచ్చే ఒక సన్నటి అమ్మాయి. ఏడాదిలో నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. కాగితం పక్కన పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరీక్షాధికారి వంగి, "ఆగమ్మా, ఏం వస్తలేదు తెర మీద" అన్నాడు. ఆ పిల్ల ఆగలేదు. తెర వైపు కన్నెత్తి చూడనైనా లేదు. చూపు కాగితం మీద, వేళ్ళు మీటల మీద, టకటకటక అదే పనిగా కొట్టుకుంటూ పోయింది. చివరి మాట అయ్యాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పటికి తెర మీద మూడే వరుసలున్నాయి. మేము ముగ్గురం చూస్తుండగా నాలుగో వరుస వచ్చింది. తర్వాత ఐదోది. ఎవరూ ముట్టుకోకుండా, మీటల మీద చెయ్యి అన్నది లేకుండా, ఒక్కొక్క అక్షరమే వచ్చి వరుసలో నిలబడుతోంది. ఉత్తరం చివరి చుక్క దాకా వచ్చి ఆగింది. ఆయన పెన్సిల్ పట్టుకుని మాట మాటా సరిచూశాడు. ఒక్క తప్పు లేదు. స్టాప్‌వాచ్‌లో ఇంకా సమయం మిగిలే ఉంది.

"తెర చూడకుండ ఎట్ల కొట్టినవమ్మా?" అన్నాడాయన.

"అది వచ్చేదాంక చూసుకుంట కూసుంటే మా బస్సు పోతది సార్" అంది ఆ పిల్ల.

ఆయన ఘొల్లున నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మిగిలిన పదిమందీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అలాగే కొట్టి, అలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పదకొండు మందీ పాసయ్యారు. కంప్యూటర్ బుర్ర మార్చాలని నేను చర్ల నుంచి ఖమ్మం దాకా మూట మోసుకుని తిరిగాను, ఏడ్చాను, పెద్దవాళ్ళ మీద అరిచాను. ఆ పిల్లలు మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా, దాని నెమ్మదికి తగ్గట్టు తమ వేళ్ళను ఎప్పుడో మార్చుకున్నారు. ఏడాది పొడుగునా అదే గదిలో ఉండి నేనది గమనించలేదు, ఎందుకంటే నేనెప్పుడూ కంప్యూటర్‌నే చూసి విసుక్కుంటూ ఉన్నాను. వాళ్ళను చూసి గర్వపడ్డాను, నన్ను చూసుకుని సిగ్గుపడ్డాను. రెండూ ఒకేసారి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న ల్యాప్‌టాప్ మూత తెరవగానే వెలుగుతుంది. నేను కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో వెతుక్కుని, అవి తుడుచుకుని పెట్టుకుని, అసలు దీన్ని ఎందుకు తెరిచానో గుర్తు తెచ్చుకునే లోపు, అది చూసి చూసి తనంతట తానే దీపం ఆర్పేసుకుంటుంది. దాన్ని తప్పుపట్టను. ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ అంతే. ఎదుటివాళ్ళు నిదానంగా ఉంటే ఒక్క నిమిషం ఓర్చుకునేదాన్ని కాదు.